పట్టి ముందు అనకూడని మాట

ఆ జంతువుల ఆశ్రయంలో ఒక మాట మీద నిషేధం ఉండేది. బూతుమాట కాదు. బూతులు గేటు బాబాయి పొద్దున తాళాలు తీసిన దగ్గర్నుంచీ ధారాళంగా వాడుతూనే ఉండేవాడు, ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. అనకూడని మాట "వస్తా".

నవ్వకండి. ఇంటికి బయల్దేరే మనిషి నోట్లోంచి "వస్తా" అని కాక ఇంకేమొస్తుంది? "పోతున్నా" అంటామా? అంటే పక్కవాళ్ళు ఊరుకుంటారా? పోయేవాడు వస్తానని చెప్పి పోవడం మన నోళ్ళకి ఉగ్గుపాలతో అబ్బింది. అలాంటి నోళ్ళని కట్టేసుకుని, ఒక తోడేలు వినే చోట ఆ ఒక్క మాటా రాకుండా చూసుకోవాలంటే ఎంత అవస్థో మీరే ఆలోచించండి. డాక్టరమ్మకి ఇబ్బంది లేదు, "బై" అనేసి స్కూటరెక్కేది. గేటు బాబాయి "సరే మరి, అదీ సంగతి" అంటూ నాలుగడుగులు వెనక్కి నడిచి చటుక్కున మాయమయ్యేవాడు. మాంసం వ్యాన్ డ్రైవరైతే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దొంగలా జారుకునేవాడు. అతని భయం అతనిది. అసలీ సంగతి బయటపడిందే అతని వల్ల.

ఒకరోజు అతను మాంసం దింపి, అలవాటుగా "వస్తా పెద్దక్కా" అని వెళ్ళిపోయాడు. కంచెకి అటుపక్కనున్న ఆడ తోడేలు పట్టి, ఆ మాట వినగానే వచ్చి గేటు దగ్గర పడుకుంది. తిండి పెడితే ముట్టలేదు. నీళ్ళు పెడితే చూడలేదు. మర్నాడు వ్యాన్ మళ్ళీ వచ్చి, అతను కిందికి దిగి, వాసన తగిలేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. అతన్ని చూశాక లేచి, ఒళ్ళు విరుచుకుని, తన దారిన తాను తిండికి పోయింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు, పెద్దక్క తప్ప. ఆ మాట దానికి ఎవరు నేర్పారో ఆవిడకి తెలుసు.

పెద్దక్క అంటే అక్కడ మాంసం కోసి, జంతువులకి తిండి పెట్టి, ఆవరణలు కడిగే మనిషి. యాభై దాటాయి. లోకానికంతా పెద్దక్కే అయినా సొంత తమ్ముడు ఒక్కడే. వాడికి ఊహ తెలియకముందే తల్లి పోతే, చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "ముందు వీడు ఓ దారికి రానీ" అనేది. వాడు దారికి రాలేదు, ఆవిడకి పెళ్ళీ కాలేదు. వాడికి మాటలు నేర్పింది కూడా ఆవిడే. బడికి పోతూ "పోతున్నా" అన్నాడంటే మూతి మీద ఒక్కటిచ్చి, "వస్తానని చెప్పు" అని దిద్దేది. తల్లి తనకి అలాగే నేర్పింది మరి.

ఇక తమ్ముడి సంగతి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. చేతిలో ఉన్న పని చెయ్యడు గానీ, నలుగురూ నోరెళ్ళబెట్టే పని ఏదైనా ఉందంటే ముందుంటాడు. ఎవరో కాస్త కలిగినాయన తన తోటలో తోడేళ్ళ జంటని బోనులో పెట్టి, వచ్చినవాళ్ళకి చూపించి మురిసిపోతూ ఉండేవాడు. ఆ బోనులో పిల్లలు పుట్టాయి. అందులో ఒకదాన్ని, ఇంకా కళ్ళు కూడా తెరవనిదాన్ని, తువ్వాలులో చుట్టుకుని వీడు ఇంటికి తెచ్చాడు. "కుక్కల్ని ఎవడైనా పెంచుతాడక్కా, తోడేలుని పెంచే మొనగాణ్ణి చూశావా?" అన్నాడు. గారాలపట్టి అని పేరు పెట్టాడు, పిలవడానికి పట్టి. వాడి పెళ్ళాం కొన్నాళ్ళు చూసి "ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది. అదే ఉంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. వాడు దాన్ని ప్రేమించాడు. సీసాతో పాలు పట్టాడు, గుండెల మీద పడుకోబెట్టుకున్నాడు, దానికి ఒళ్ళు వెచ్చబడితే పని మానేసి పక్కనే కూర్చున్నాడు. రోజూ పనికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి "వస్తా పట్టీ... వస్తా..." అని రాగం తీసేవాడు. అది గుమ్మానికి అడ్డంగా పడుకుని సాయంత్రందాకా అలాగే ఉండేది. సాయంత్రం వాడు వచ్చేవాడు. జన్మకల్లా వాడు నిలబెట్టుకున్న మాట ఏదైనా ఉందంటే అదొక్కటే, అదీ ఒక తోడేలుకిచ్చింది.

పిల్లప్పుడు ఏదైనా ముద్దుగానే ఉంటుంది. పెరిగిన తోడేలు తోడేలే. గాలికి ఎగిరిపడ్డ చొక్కా తీసుకుందామని గోడ మీంచి చెయ్యి చాపిన పక్కింటాయన ముంజెయ్యి దాని నోట్లోకి పోయింది. వీధి వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది. మన మొనగాడు లోపల తలుపేసుకుని అక్కకి ఫోన్ చేశాడు. పెద్దక్క డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడి ఆశ్రయంలో చోటిప్పించింది. వాడు దాన్ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. గేటు దగ్గర మెడ కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "వస్తా పట్టీ... వస్తా..." అని వెళ్ళిపోయాడు.

వచ్చాడా? వస్తే ఈ కథెందుకు?

అది గేటు దగ్గర పడుకుంది. డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి బతికించింది. ఎముకల గూడు మిగిలింది. ఆఖరికి ఒళ్ళు ఓడిపోయి లేచింది గానీ మనసొప్పి కాదు. ఆ రోజుల్లో పెద్దక్క ఫోన్ చేసినప్పుడల్లా తమ్ముడు "దాన్నలా చూళ్ళేనక్కా, నా గుండె పగిలిపోద్ది" అనేవాడు. వాడి గుండె పగలకుండా ఉండడానికి దాని డొక్కలు ఎండాయి.

"అడవిలో వదిలెయ్యొచ్చుగా పాపం!" అని చూడవచ్చినవాళ్ళు అడిగేవారు. పెద్దక్కకి ఒళ్ళు మండేది. "ముందు మీవాణ్ణి వదలండి. వాడు వేటాడుకుని తిన్నాక దీన్ని వదులుదాం" అనేది. బోనులో పుట్టి మంచం మీద పెరిగినదానికి అడవంటే ఏం తెలుసు? వదిలితే మొదట కనబడ్డ ఇంటి తలుపు ముందుకెళ్ళి కూర్చుంటుంది. ఆ ఇంట్లోవాళ్ళు కర్ర తీస్తారో తుపాకీ తీస్తారో అది వాళ్ళ ఓపిక. దానికి మిగిలిన దారి ఒక్కటే, అది పెద్ద ఆవరణలో ఉండే ముసలాయన.

ముసలాయన కూడా తోడేలే. మూతపడిన ఏదో ప్రదర్శనశాల నుంచి వచ్చాడు. జంట చచ్చిపోయింది. ఈ ముసలి తోడేలు పెద్దరికం చూసి అందరూ "ఆయన" అనే అనేవారు. ఆ ఆవరణ మెయిన్ గేటు పక్కనుంచి మొదలై వెనక చెట్లదాకా పోతుంది. పరిగెత్తడానికి నేల ఉంది, గుంత తవ్వుకోవడానికి దిబ్బ ఉంది. కానీ రెండు ప్రాణాలకే చోటు. పట్టిని ఆయనకి జత చెయ్యాలని డాక్టరమ్మ ఆలోచన.

"తోడేలులో తోడు తీసేస్తే మిగిలేది ఏలే కదమ్మా, నోట్లో పెట్టుకుని చీకడానికి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడు గేటు బాబాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. "చలి పోయేలోగా కలిస్తే కలిసినట్టు పెద్దక్కా. లేకపోతే ఆ చోటు కొత్తదానికి ఇచ్చెయ్యాలి. దాన్ని మాత్రం ఆ డబ్బాలో ఎంతకాలమని ఉంచను? అప్పుడు పట్టికి ఇప్పుడున్న ఈ ముందు గదే గతి. బతికినన్నాళ్ళూ ఒంటరిగానే" అంది. కొత్తదంటే ఇంకో ఆడ తోడేలు. రోగాలేమైనా ఉన్నాయేమో చూడ్డానికి విడిగా ఉంచే చిన్న బోనులో తిరిగిందే తిరుగుతూ ఉండేది.

మధ్యలో వల కట్టి పట్టినీ ముసలాయన్నీ పక్కపక్కన ఉంచారు. పట్టికి తోడేలంటే భయం! ఆయన ముందుకాళ్ళు నేలకానించి, తోక ఊపి, ఆడుకుందాం రమ్మంటే, అది మనుషులెక్కడున్నారా అని చుట్టూ చూసేది. తోడేళ్ళ భాష రాని తోడేలు. పెద్దక్క రోజూ పనయ్యాక ముసలాయన వైపు బకెట్ బోర్లించుకుని కూర్చునేది. పలకరింపు లేదు, చూపు కలపడం లేదు, ఊరికే కూర్చోవడం. పట్టి ఆవిడ దగ్గరికి రావాలంటే ఆయన దగ్గరికీ రావాలి. అదీ ఆవిడ ఎత్తు. వానలో కూర్చుంది, ఎండలో కూర్చుంది, నడుము పట్టేసినా కూర్చుంది.

కొన్నాళ్ళకి వల సందుల్లోంచి ముక్కూ ముక్కూ ఆనాయి. ఇంకొన్నాళ్ళకి వల తీసేశారు. ఒక సాయంత్రం ముసలాయన తలెత్తి ఊళ పెట్టాడు. పట్టి కాసేపు ఆయన మూతి వంకే చూసి, తనూ నోరు తెరిచింది. తుప్పు పట్టిన చేతిపంపు కొట్టినట్టు వచ్చింది ఆ శబ్దం. గేటు బాబాయి పడీ పడీ నవ్వాడు. పెద్దక్క మాంసం గదిలోకి పోయి, కత్తి చేత్తో పట్టుకునే ఏడ్చింది.

ఆ తర్వాత అది ఆవిణ్ణి పట్టించుకోవడం మానేసింది. ముక్క నోట కరుచుకుని, వెనక్కైనా చూడకుండా చెట్లలోకి పోయేది. "చూడు, ఎంత పొగరో!" అని పెద్దక్క ఉక్రోషపడేది. కాపురం కుదిరిన కూతురు పుట్టింటి దారి మర్చిపోతే తల్లికి ఎలా ఉంటుందో అలా ఉండేది ఆవిడకి. మధ్యాహ్నాలు అవి రెండూ వీపూ వీపూ ఆనించుకుని దిబ్బ మీద పడుకుంటే, ఆవిడకి అన్నం తినకుండానే కడుపు నిండేది. "ఇంకొక్క నెల ఇలా గడిస్తే దాన్నిక అక్కణ్ణుంచి కదిపేది లేదు. కొత్తదానికి ఇంకెక్కడైనా చోటు వెతుకుతా" అంది డాక్టరమ్మ.

ఆ నెల్లోనే ఊడిపడ్డాడు తమ్ముడు.

ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, ఒంటినిండా సెంటు. మాంసం గది గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడ్డాడు. ఆ రోజు డాక్టరమ్మ లేదు, ఎక్కడో ఎవరో బోనులో పెట్టుకున్న చిరుతని చూడ్డానికి వెళ్ళింది.

"మళ్ళీ పెళ్ళి చేసుకున్నానక్కా" అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న. పిలుద్దామనే అనుకున్నా... హడావిడిలో..." అని నసిగాడు. "బామ్మర్ది వాళ్ళ ఊళ్ళో ఉద్యోగం చూశాడు. చాలా దూరం. ఈ రాత్రికే ప్రయాణం. ఒక్కసారి పట్టిని చూసి పోదామని."

పెద్దక్క కత్తి కింద పెట్టింది. "ఇన్నాళ్ళూ ఏ గాడిదల్ని కాశావురా? అది చావుకి తెగించి పడుకున్నప్పుడు రాలేకపోయావు, ఇప్పుడు సెంటు పూసుకుని వచ్చావా?"

"మొహం చెల్లలేదక్కా."

"ఇప్పుడెలా చెల్లింది? పో, పోయి కాపురం చేసుకో. అది ఇప్పుడిప్పుడే ఓ గూటికి చేరింది. నిన్ను చూసిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

వాడు గుమ్మానికి ఆనుకుని, చిన్నప్పుడు బలపం పోగొట్టుకుని ఇంటికొచ్చినప్పటిలాగే, పెదవి వణికించాడు. "మళ్ళీ ఎప్పుడు చూస్తానో ఏమో అక్కా. దూరంనుంచే చూస్తా. నా చేతుల్లో పెరిగింది కదా."

ఇదిగో, ఇక్కడే ఓడిపోయేది ఆవిడ. ప్రపంచంలో ఎవరి కళ్ళల్లో నీళ్ళు చూసినా "వేషాలెయ్యకు" అనగలదు, ఈ ఒక్కడి విషయంలో తప్ప. పెంచిన చేతులకి బుద్ధి ఉండదు.

"ఆ మాట మాత్రం అనకూడదు. తెలిసిందా? చప్పుడు చెయ్యకుండా చూసి, చప్పుడు చెయ్యకుండా రావాలి. ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టక్కా."

పట్టి అప్పుడు దిబ్బ మీద ఉంది. గాలి అటు తిరిగింది. అది తలెత్తింది. ఒక్క క్షణం రాయిలా ఉండిపోయి, తర్వాత వచ్చింది చూడండి పరుగు! కంచెకి గుద్దుకుని, పక్కకి దొర్లి, లేచి, పసిపిల్లలా కుయ్యి కుయ్యిమంటూ, నిలబడ్డచోటే తడుపుకుంటూ, కంచె సందుల్లోంచి నాలుక చాపి వాడి వేళ్ళు నాకింది. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "చూశావా అక్కా! చూశావా! నన్ను మర్చిపోలేదు!" అని ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆ మొహంలో ప్రేమ లేదని ఎవరనగలరు? ఉంది. దానికన్నా రెండింతలు గర్వం కూడా ఉంది. ముసలాయన చెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు.

కాసేపటికి పెద్దక్క వాడి భుజం తట్టింది. ఒప్పుకోవాలి, వాడు మాట నిలబెట్టుకున్నాడు. పెదవులు బిగించుకుని లేచాడు, వెనక్కి తిరిగాడు, నడిచాడు. పట్టి కంచె వెంబడే అటూ ఇటూ తిరిగింది. పడుకోలేదు. వెనకనుంచి ముసలాయన ఊళ పెట్టాడు, చిన్నగా, పిలిచినట్టు. అది వాడి వీపు వైపు చూసింది, చెట్ల వైపు చూసింది. ఆఖరికి మెల్లగా చెట్ల వైపు కాళ్ళు కదిపింది. పెద్దక్క గుండె మీంచి పెద్ద బండ దిగిపోయింది. దేవుడున్నాడనుకుంది. మెయిన్ గేటుదాకా తమ్ముడి పక్కనే నడుస్తూ, పెళ్ళికూతురు ఎలా ఉంటుందనీ, వంట వచ్చా అనీ అడిగింది కూడా.

గేటు దగ్గర వాడు అక్క చెయ్యి పట్టుకుని, ఎంతో జాగ్రత్తగా, "సరే అక్కా, పోతున్నా" అన్నాడు.

"ఛీ! నోరు ముయ్యి!" అంది పెద్దక్క. "శుభమా అని కొత్త కాపురానికి వెళ్తూ పోతున్నా ఏంట్రా? వస్తానని చెప్పు!"

వాడు నవ్వాడు. తన తప్పుకి తనే నాలిక్కరుచుకుని, చిన్నప్పటిలాగే రాగం తీసి గట్టిగా అన్నాడు. "వస్తా అక్కా... వస్తా..."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నోరు జారింది వాడిదా? పాపం, వాడు సరిగ్గానే అన్నాడు. జారింది ఆవిడది. యాభై ఏళ్ళ అలవాటు, తల్లి నేర్పిన మర్యాద, తమ్ముడు చల్లగా ఉండాలన్న ఆశ, అన్నీ కలిసి ఆ ఒక్క క్షణంలో ఆవిడ నోట్లోంచి దూకాయి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. చెట్లకి ఇంకా నాలుగడుగుల దూరంలో పట్టి ఆగిపోయి ఉంది. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. తర్వాత తీరిగ్గా, ఏ తొందరా లేకుండా వెనక్కి నడిచి వచ్చి, ఆవరణ గేటు దగ్గర ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంది.

"ఒరేయ్, వెనక్కి రా!" అంది పెద్దక్క వాడి చొక్కా పట్టుకుని. "ఒక్కసారి దాని దగ్గరికెళ్ళి కనిపించు. నిన్ను చూస్తే లేస్తుంది. ఇందాకటిలా మాట్లాడకుండా వచ్చెయ్యి. అంతే, నీకు పుణ్యముంటుంది!"

రోడ్డు మీద కారు హారన్ మోగింది. కారులో కొత్త పెళ్ళాం ఉంది. "టైమైపోయిందక్కా. దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టా" అంటూ వాడు చొక్కా విడిపించుకున్నాడు, ముడత పడిన చోట సర్దుకున్నాడు. "మర్చిపోతుందిలే. నువ్వున్నావుగా" అన్నాడు. కారెక్కాడు.

డాక్టరమ్మ రాగానే పెద్దక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండేది. డాక్టరమ్మ చిరుత బోను తుప్పు అంటిన చేతులు కడుక్కుంటూ, "అన్నది వాడేనా?" అని అడిగింది.

"నేనే అనిపించానమ్మా."

డాక్టరమ్మ సబ్బు మళ్ళీ రుద్దుకుంది.

పెద్దక్క మళ్ళీ బకెట్ బోర్లించి కూర్చుంది. ఈసారి పట్టి ఆవిడ వంక చూడనుకూడా చూడలేదు, మెయిన్ గేటు వంకే చూపు. ముసలాయన వచ్చి పక్కన పడుకున్నాడు. తన వాటా మాంసం ఈడ్చుకొచ్చి దాని మూతి ముందు పెట్టాడు. ఇంతకన్నా ఏ మగాడు ఏ ఆడదానికి చేశాడు చెప్పండి? అది మూతి పక్కకి తిప్పుకుంది.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "నిజంగానా? నా కోసం తినట్లేదా?" అన్నాడు. ఆ గొంతులో పొంగు దాగలేదు. పక్కనున్న పెళ్ళాంతో "విన్నావా? చెప్తే నమ్మలేదుగా నువ్వు" అనడం కూడా వినబడింది. పెద్దక్క పళ్ళు కొరుక్కుని, వాడి గొంతు వింటే అయినా లేస్తుందేమోనని, ఫోన్ స్పీకర్లో పెట్టి కంచె దగ్గర పట్టుకుంది. "మాట్లాడరా. లేచి తినమని చెప్పు."

పట్టి చెవులు కదిలాయి. ఫోన్ వాసన చూసింది. ఫోన్ వెనక్కి కూడా తొంగి చూసింది.

"పట్టీ! బంగారు తల్లీ! అన్నం తినాలమ్మా!" అన్నాడు వాడు అంత దూరంనుంచీ. ఆ తర్వాత, వద్దు వద్దని పెద్దక్క అరిచేలోపే, "వస్తానే... వస్తా..." అనేశాడు.

ఒకసారి సరిపోదని రెండో ముడి కూడా వేశాడు మహానుభావుడు.

వ్యాన్ డ్రైవర్ గేటు తీసుకుని లోపలికొచ్చిన ఒక ఉదయం, ముసలాయన లేచి పట్టికీ గేటుకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. అంతే. గేటు తెరుచుకుంటున్న చప్పుడు వినబడుతోంది, వచ్చిందెవరో కనబడడం లేదు. అది ఆయన మొహం మీదకి లంఘించింది. నీళ్ళ పైపు పెట్టి విడదీసేసరికే ఆయన కన్ను పోయింది. ఆయన తిరిగి కరవలేదు. చెట్లలోకి పోయి ఒక్కడే పడుకున్నాడు.

పెద్దక్క మాంసం గదిలో నిలబడి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తిట్టలేదు. "నీ కాళ్ళు పట్టుకుంటా నాన్నా. ఒక్కసారి రా. ఒక్క పూట చాలు. దాని చోటు పోతుందిరా" అంది. తను ఎత్తుకుని పెంచినవాణ్ణి అలా బతిమాలింది.

"అయ్యో, అంత మాటెందుకక్కా. వస్తా. వచ్చే ఆదివారం కచ్చితంగా వస్తా."

ఆదివారం పొద్దున పెద్దక్క కూడా వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. గేటు బాబాయి కుర్చీ వేశాడు, కూర్చోలేదు. కంచెకి అవతల అదీ, ఇవతల ఈవిడా. మధ్యాహ్నం గేటు బాబాయి "లోపలికి పద పెద్దక్కా" అన్నాడు. సాయంత్రం ఆయనా అనడం మానేశాడు.

పట్టిని పెద్ద ఆవరణ నుంచి ముందు గదిలోకి మార్చారు. దాని చోట్లో కొత్తదాన్ని వదిలారు. డాక్టరమ్మ తప్పేమీ లేదు, ఎవరికైనా అదే న్యాయం. కొత్తదానికి తోడేళ్ళ భాష వచ్చు. ఒంటికన్ను ముసలాయన మూతి నాకింది, మర్నాటికల్లా దిబ్బ మీదెక్కి పడుకుంది. సాయంత్రాలు రెండు గొంతులు కలిసి ఊళ పెట్టేవి. పట్టి తలెత్తేది కాదు. ప్రాణం నిలబడేటంత తినేది, నీళ్ళు తాగేది, మళ్ళీ వచ్చి గేటు వైపు తిరిగి పడుకునేది. ఆ నేల మీద దాని ఒంటి ఆకారంలో గుంట పడింది. చూడవచ్చినవాళ్ళు దాని ముందే ఎక్కువసేపు నిలబడేవారు. "ఎంత బుద్ధిమంతురాలో చూడండి, అసలు కదలదు!" అని పిల్లలకి చూపించేవారు. పెద్దక్క ఎవరితోనూ పోట్లాడేది కాదు. ఆవిడ నోటి దురుసు ఏమైందో తెలీదని గేటు బాబాయి బాధపడేవాడు.

చాలా కాలానికి తమ్ముడు తనంతట తానే ఫోన్ చేశాడు. పెద్దక్క అప్పుడు ముందు గది కడుగుతోంది. పట్టిని కదిలించకుండా దాని చుట్టూ నీళ్ళు పోస్తోంది. వాడు హుషారుగా ఉన్నాడు. ఉద్యోగం బాగుందట, పెళ్ళాం మంచిదట. కుక్కపిల్లని తెచ్చాడట. "అచ్చం మన పట్టిలాగే ఉందక్కా, నేను లేకపోతే ముద్ద ముట్టదు!" అన్నాడు. ఆ మీదట గొంతు తగ్గించి, "అవునూ, పట్టి ఎలా ఉంది? ఇంకా నా కోసం చూస్తోందా?" అని అడిగాడు.

పెద్దక్క దాని వంక చూసింది. గడ్డం కాళ్ళ మీద ఆనించి గేటు వంక చూస్తోంది. చూస్తోందని చెబితే వాడేం చేస్తాడో ఆవిడకి తెలుసు. ఆ కబురు పెళ్ళానికి చెబుతాడు, బామ్మర్దికి చెబుతాడు, కళ్ళు తుడుచుకుంటాడు, మీసం దువ్వుకుంటాడు. అన్నీ ఇచ్చింది వాడికి, తన వయసుతో సహా. ఇదొక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు.

"లేదురా. నిన్ను ఎప్పుడో మర్చిపోయింది" అంది.

వాడి గుండెలో ఎక్కడైనా కలుక్కుమంటుందేమోనని ఆవిడ ఫోన్ చెవికి నొక్కుకుని విన్నది.

"అంతేలే అక్కా" అన్నాడు వాడు, నిట్టూర్చి. "ఎంత చేసినా అడవి జంతువు అడవి జంతువే. వాటికి విశ్వాసం ఎక్కడుంటుంది? మనమే పిచ్చోళ్ళం. సరే మరి, ఉంటా!"

ఉంటానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.